మేడ మీద మాయల కోట

మావయ్య సంవత్సరీకానికి సత్యనారాయణపురం వెళ్ళాను. భోజనాలయ్యి చుట్టాలంతా నడుం వాల్చాక అత్తయ్య అటక మీంచి ఒక రేకు డబ్బా దింపించి నా ముందు పెట్టింది. "ఇది నీకే ఇవ్వమని మీ మావయ్య ఎప్పుడో చెప్పి ఉంచారమ్మా" అంది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో లేపేసరికి పుల్లటి ఘాటు వాసన గదంతా కొట్టింది. వంటింట్లోంచి పిన్ని "ఏమే, ఏం ఒలకబోశారక్కడ?" అని కేకేసింది.

ఏమీ ఒలకలేదు. పాత సినిమా ఫిలిం వాసన అది. ఆ రోజుల ఫిలిం ఎసిటేట్‌తో చేసేవారు. ఏళ్ళ తరబడి వేడిలో, తేమలో ఉంటే అది మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. వెనిగర్‌లో ఉండేదీ అదే. బెజవాడ అటకల మీద వేడికీ తేమకీ కొదవేముంది? డబ్బా నిండా ఫిలిం ముక్కలు, చుట్టుకుపోయి, అంచులు ముడతలు పడి. ఒకటి తీసి కిటికీ వెలుతురుకి పట్టాను. మిగతా రంగులన్నీ వెలిసిపోయి ఎరుపొక్కటే మిగిలింది. కోట ద్వారం, కత్తి దూసిన వీరుడు, వాడి వెనక మెట్ల మీద ఎవరిదో పెద్ద నీడ.

ఆ నీడ ఎవరిదో నాకు తెలుసు. ఆ సినిమా మార్నింగ్ షోలో ఎన్నిసార్లు చూశానో మటుకు చెప్పలేను.

* * *

మావయ్య గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల సినిమా వ్యాపారం చాలావరకు అప్పట్లో ఆ నాలుగు వీధుల్లోనే నడిచేది. ఇరుకు మెట్లెక్కితే ఒక గది, గదిలో ఒక బల్ల, ఫోను, గోడకి అతికించిన పోస్టర్లు, మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన రీలు పెట్టెలు. సినిమా ఏ ఊళ్ళో పడితే ఆ ఊరికి ప్రింటు పెట్టెతో పాటు రిప్రజెంటేటివ్ కూడా వెళ్ళాలి. హాల్లో ఏ తరగతి టికెట్లు ఎన్ని తెగాయో చూసుకుని, రోజువారీ కలెక్షన్ కాగితం రాసి, సంతకాలు పెట్టించి ఆఫీసుకి పంపాలి. ఆ కాగితాన్ని డి.సి.ఆర్. అనేవాళ్ళు. ఇంట్లో మాకు ఆ మూడు అక్షరాలు బాగా అలవాటు, ఎందుకంటే పాత డి.సి.ఆర్. కాగితాల వెనక తెల్లవైపే మేం బొమ్మలు గీసుకునేవాళ్ళం.

కొత్త సినిమాలు పెద్దవాళ్ళకి వెళ్ళేవి. మావయ్యకి పాత జానపదాలు పడేవి. దానికాయన ఏనాడూ బాధపడలేదు. పైగా వేసవి సెలవుల్లో మార్నింగ్ షోకి ఏదైనా జానపదం వేస్తున్నారంటే ముందురోజు రాత్రే ఇంటికొచ్చి "అమ్మడూ, రేపు తొందరగా తెములు" అనేవాడు. ఆడపిల్లని అన్నిసార్లు సినిమాకి పంపరు కదా, మావయ్యతో అయితే అమ్మ మాట్లాడేది కాదు.

బెజవాడలో సినిమా హాలంటే మొదట చెప్పుకునే పేరు మారుతీ టాకీసు, 1921లో కట్టారు. నా చిన్నతనానికి ఊళ్ళో ఏ సెంటర్‌లో నిలబడినా ఏదో ఒక హాలు గోడ కనబడేది. ఎండలో నడిచొచ్చి హాలు చీకట్లోకి అడుగుపెడితే కాసేపు కళ్ళు కనిపించవు. నేల తరగతిలో పల్లీల పొట్లాలు విప్పే చప్పుడు, గోళీ సోడా కొట్టినప్పుడు వచ్చే కీచు, పైన ఫ్యాన్లు తిరిగే లయ. ఆ తర్వాత కాంతారావు గుర్రం మీద వచ్చేవాడు. ఈలలతో మిగతావేవీ వినపడేవి కావు. కత్తియుద్ధం మొదలైందంటే పక్కసీటు పిల్లాడి మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉండేది, నాది ఇంకొకరి పక్కటెముకల్లో.

అప్పుడప్పుడు మావయ్య నన్ను పైకి ఆపరేటర్ గారి క్యాబిన్‌లోకి తీసుకెళ్ళేవాడు. రెండు ప్రొజెక్టర్లు, వాటిలో కార్బన్ కడ్డీల మధ్య భరించలేనంత తెల్లటి మంట. "అటు చూడకమ్మా, కళ్ళు పోతాయి" అని ఆపరేటర్ గారు చెయ్యి అడ్డం పెట్టేవారు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఒక మిషను మీద అయిపోయేలోపు రెండోది సిద్ధంగా ఉండాలి. తెరకి కుడివైపు పైమూలన ఒక చుక్క మెరుస్తుంది, అది గుర్తు. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. ఆ చుక్క ఎక్కడొస్తుందో తెలిశాక నాకు ఇంకో సంగతి తెలిసింది. మాంత్రికుడు రాజకుమారిని ఎత్తుకెళ్ళిపోయే ఘట్టాలు చాలాసార్లు చుక్కకి కాస్త ముందే వచ్చేవి. అటూ ఇటూ తిరిగి అరిగిన ప్రింట్లలో రీలు చివర్లే ఎక్కువ తెగేవి కాబట్టి, ఎత్తుకెళ్ళడం సగంలోనే ఆగి, తర్వాతి బొమ్మలో ఆ అమ్మాయి గుహలో సంకెళ్ళతో కనిపించేది. మధ్యలో ఏం జరిగిందో మేమే అల్లుకునేవాళ్ళం. సినిమా పూర్తిగా ఉన్న మంచి ప్రింటు ఎప్పుడో చూసినప్పుడు, మేం అల్లుకున్నదే బావుందని బావా నేనూ ఒప్పందానికి వచ్చాం.

తెగిన చోట పాడైన బొమ్మలు కత్తిరించేసి, కొసలు గీకి, జిగురు పెట్టి అతికించేవారు. ఆ కత్తిరించిన ముక్కలే మావయ్య జేబులో వేసుకుని తెచ్చేవాడు. ఇప్పుడు డబ్బాలో ఉన్నవి అవే.

* * *

మా ఇంట్లో విఠలాచార్య పేరు దేవుళ్ళ పేర్లతో సమానంగా వినిపించేది. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన కన్నడిగుడు, 1920లో పుట్టి 1999లో పోయారు. తెలుగువాళ్ళు ఆయన్ని జానపద బ్రహ్మ అన్నారు. తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో సినిమా తీయడంలో ఆయన పేరు మోశారు. వేసిన సెట్టు ఊరికే పోనిచ్చేవారు కాదు. ఒక సినిమాలో రాజుగారి కొలువు ఇంకో సినిమాకి తెర మార్చుకుని శత్రురాజు కొలువు అయ్యేది. ఎవరైనా నటుడు డేట్లు సరిగ్గా ఇవ్వకపోతే కథలో మాంత్రికుడి చేత ఆ పాత్రని మేకగానో చిలకగానో మార్పించి, షూటింగు ఆగకుండా కానిచ్చేవారని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మావయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా కళ్ళు మెరిసేవి. "కష్టం వస్తే కథనే కొత్త దారి పట్టించాడు చూడూ" అనేవాడు.

1978లో వచ్చిన జగన్మోహినిలో దయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళు పెట్టి వంట చేస్తుంది. ఆ ఒక్క దృశ్యం కోసం ఊళ్ళు ఊళ్ళు కదిలొచ్చాయని మావయ్య చెప్పేవాడు. దానికి ఏం ఖర్చయ్యుంటుంది? ఒక పొయ్యి, ఒక గిన్నె, కాస్త ట్రిక్కు. కానీ అది చూసిన రాత్రి మా పిన్ని కూతురు వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళడానికి నన్ను లేపింది.

ట్రిక్కులన్నీ మావయ్య ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. మనిషి మాయమవ్వాలంటే కెమెరా ఆపి, అతన్ని పక్కకి పంపి, మళ్ళీ నడుపుతారు. మిగతావాళ్ళు కదలకుండా నిలబడాలి, అదే కష్టం. ఒకే నటుడు రెండు వేషాల్లో ఎదురెదురుగా కనిపించాలంటే లెన్సు సగం మూసి తీసి, ఫిలిం వెనక్కి చుట్టి, రెండో సగం తెరిచి మళ్ళీ తీస్తారు. వీరుడు నేల మీంచి కోటగోడ మీదికి ఎగిరాడంటే, నిజానికి గోడ మీంచి కిందికి దూకి ఉంటాడు, ఫిలిం తిరగేశారు. కోట బురుజులు అద్దం మీద వేసిన బొమ్మలు. చిన్న నమూనా కోటలు కట్టి దగ్గర్నుంచి తీస్తే పెద్దవిగా కనిపిస్తాయి. "కానీ సముద్రం, వరద వచ్చాయా, పట్టేయొచ్చు. కోటని చిన్నది చెయ్యగలం, నీటిచుక్కని చిన్నది చెయ్యలేం" అనేవాడు. అప్పట్నుంచి నేను తెర మీద నీళ్ళు కనిపిస్తే చుక్కల్నే చూస్తాను.

ట్రిక్కు తెలిస్తే మాయ పోతుందని కొందరంటారు. నాకలా ఎప్పుడూ అనిపించలేదు. తీగ కనిపిస్తున్నా ఆ గద గాల్లో ఎగిరేది. అట్టకోట అని తెలిసినా దాని ద్వారం తెరుచుకుంటుంటే గుండె కొట్టుకునేది. అన్నీ పూర్తిగా చూపించగల డబ్బు వాళ్ళ దగ్గర లేదు, అందుకని సగం మాకు వదిలారు. ఆ సగం పట్టుకునే మేం ఆడుకున్నాం. ఇవాళ్టి సినిమాల్లో డ్రాగన్ ఒంటి మీద పొలుసు పొలుసూ కనిపిస్తుంది, నాకు చెయ్యడానికి పని మిగలదు.

* * *

బల్బు పైభాగం జాగ్రత్తగా విరగ్గొట్టి, లోపలిది తీసేసి, నీళ్ళు పోస్తే భూతద్దం అవుతుంది. మేడ మెట్ల గదిలో తలుపు సందులోంచి అద్దంతో ఎండ కొట్టించి, మధ్యలో ఫిలిం ముక్క పెడితే గోడ మీద బొమ్మ పడుతుంది. కదలదు. కదలదు కాబట్టే దానికి మేం కథ చెప్పాల్సి వచ్చేది. ఒక ముక్క బావ పెడితే దాని కథ నేను చెప్పాలి, తర్వాతి ముక్క ఏదొస్తే దాన్ని ముందుదానికి కలపాలి. కోట తర్వాత గుహ, గుహ తర్వాత హఠాత్తుగా ఎవరిదో పెళ్ళి. తప్పించుకోవడానికి వీల్లేదు.

కథ ఎలా అల్లాలో చాలామటుకు చందమామ నేర్పింది. 1947లో మొదలైన ఆ పత్రిక మా ఇంట్లో బైండు చేసి ఉండేది. అందులో సీరియల్స్ దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసేవారని, ఆయనది తెనాలి వైపేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఎందుకంటే పత్రికలో రచయిత పేరు వేసేవారు కాదు. భల్లూక మాంత్రికుడు, రాకాసి లోయ, శిథిలాలయం. ప్రతి భాగం సరిగ్గా ప్రమాదం అంచున ఆగేది. వాటికి చిత్ర గారు వేసిన బొమ్మలు చూసి మా తమ్ముడు ఒంటికొమ్ము రాక్షసుణ్ణి గీయడం నేర్చుకున్నాడు, ఇప్పటికీ వాడికి వచ్చిన బొమ్మ అదొక్కటే.

సైకిళ్ళ మీద ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకి వెళ్ళేవాళ్ళం. నాలుగంతస్తులుగా తొలిచిన కొండ. లోపల రాతిలోనే పడుకున్న అనంత పద్మనాభస్వామి. బయట నిప్పులు చెరిగే ఎండైనా లోపల రాయి చల్లగా ఉండేది, గబ్బిలాల వాసన. అక్కణ్ణుంచి మంగళగిరికి సొరంగం ఉందని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పేవారు. మాకు ఆ ఒక్క మాట చాలు. చెల్లి స్తంభాలు లెక్కపెట్టేది, నేను అడుగులు కొలిచేదాన్ని, బావ ప్రతి చీకటి మూలకీ వెళ్ళి చెయ్యి పెట్టి చూసేవాడు. ఇంటికొచ్చి డి.సి.ఆర్. కాగితం వెనక గీసిన పటంలో సొరంగం మాత్రం మేమే పెట్టాం. మేం ఆడిన ప్రతి కోటకీ కింది అంతస్తు అదే.

* * *

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో మావయ్యకి ఖాతా ఉండేది. ఒకరోజు అక్కణ్ణుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి "ఇదేంటో చూడమ్మా, పేజీలు వరసగా చదవకూడదట" అని ఇచ్చాడు. ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్. స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ అనే ఇద్దరు రాసింది, 1982లో వచ్చింది. లోపల 400 అంకెలు వేసిన ముక్కలు. ఎడమ దారికి వెళ్తే ఫలానా అంకెకి, కుడి దారికి వెళ్తే ఫలానా అంకెకి. హీరో ఎవరయ్యా అంటే చదివేవాళ్ళే. నేర్పు, ఒంటి బలం, అదృష్టం ఎంతున్నాయో పాచికలు వేసి ముందే రాసుకోవాలి. ఎదురైన వాడితో కొట్లాటకి ఇద్దరికీ రెండేసి పాచికలు వేసి నేర్పు కలిపితే, తక్కువ వచ్చినవాడి బలంలో రెండు పోతుంది. కొండ లోపల మాంత్రికుడు, ఆయన నిధి పెట్టె, దానికి సరైన తాళాలు. తాళాలన్నీ దొరక్కుండా అక్కడిదాకా వెళ్తే అంతా వృథా.

ఆ రాత్రి నిద్రపోలేదు. అన్నాళ్ళూ తెర మీద కాంతారావు రెండు దారుల ముందు నిలబడితే "ఎడమ వైపు వెళ్ళకు!" అని హాలంతా అరిచేవాళ్ళం, ఆయన వినేవాడు కాదు. ఈ పుస్తకం వింది.

ఇంగ్లీషు నాకొక్కదానికే కాస్త వచ్చు కాబట్టి నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. మేడ మీద చాప, లాంతరు, చుట్టూ ముగ్గురు. కొన్నాళ్ళకి పుస్తకంలో లేని గదులు కూడా చెప్పడం మొదలుపెట్టాను, ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత పుస్తకం మూసేసి మా సొంత కోట కట్టుకున్నాం. ఏడు ద్వారాలు, ఏడుగురు కావలివాళ్ళు. చెప్పేది నేను, ఆడేది వాళ్ళు. బావ ప్రచండుడు అనే కత్తివీరుడు, చెల్లి మాయావతి అనే మంత్రగత్తె, తమ్ముడు పేరులేని దొంగ. "దొంగకి పేరుంటే పట్టుబడతాడు" అని వాడి వాదన.

వైకుంఠపాళి పెట్టెలో ఉన్న ఒక్క పాచిక అరిగిపోయింది, అందుకని గవ్వలు వేసేవాళ్ళం. ఆరు గవ్వలు వేసి వెల్లకిలా పడినవి లెక్కపెట్టాలి. పాచికకీ గవ్వలకీ తేడా ఉందని ఆడగా ఆడగా తెలిసింది. ఒక్క పాచిక వేస్తే ఒకటి నుంచి ఆరు దాకా దేనికైనా సమానమైన అవకాశం. గవ్వలు అలా కాదు, మూడు తరచుగా పడుతుంది, ఆరుకి ఆరూ వెల్లకిలా పడటం అపురూపం. అందుకని ఆరు పడితే మేడంతా గోల. కింది వాటావాళ్ళు "ఏం పిల్లలమ్మా" అనేవారు.

మావయ్య ఏ రేపల్లె నుంచో, నూజివీడు నుంచో రాత్రి బస్సుకి వచ్చి, కాళ్ళు కడుక్కుని పైకొచ్చేవాడు. కాసేపు వినేవాడు. ఒకసారి నేను మూడో ద్వారం వెనక రాక్షసుణ్ణి వర్ణిస్తున్నాను, కోరలు ఇంత, గోళ్ళు ఇంత అని. మావయ్య ఆపి, "అమ్మడూ, రాక్షసుణ్ణి చూపించాలంటే డబ్బు కావాలి. భయపడేవాణ్ణి చూపించడానికి అక్కర్లేదు. తలుపు ఇంకా తెరవకు. చప్పుడు వినిపించు" అన్నాడు.

నేను నోరు మూసుకుని గోడ మీద గోరుతో గీరాను. నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ. అంతే, తమ్ముడు లేచి బావ వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆరోజు నుంచి ఇవాళ్టిదాకా నేను ఆట నడిపే పద్ధతి అదే. ముందు చప్పుడు, తర్వాత వాసన, తర్వాత ఎవరి మొహంలోనో భయం, చిట్టచివర ఆ వస్తువు. మార్నింగ్ షోల్లో డబ్బుల్లేక నేర్చుకున్న విద్య అది, ఏ రూల్సు పుస్తకంలోనూ నాకు అంత సూటిగా దొరకలేదు.

అయిదో ద్వారం రాత్రి ఇంకా బాగా గుర్తు. కరెంటు పోయింది, లాంతరులో కిరసనాయిలు అడుగంటింది. కావలి రాక్షసుణ్ణి ఎంత నరికినా చావడం లేదు. ప్రచండుడి బలం రెండుకి దిగింది. బావ కోపంగా "వీడి ప్రాణం ఎక్కడో దాచావు, చెప్పవే" అన్నాడు. ప్రాణం చిలకలో ఉంటుందని మాలో ఎవరికి తెలియదు? ఆ చిలక ఎక్కడుందన్నదే ప్రశ్న. చెల్లి కత్తి ఎత్తలేదు, మంత్రం వెయ్యలేదు. మాయావతి గొంతుతో "రాక్షసా, నీ ప్రాణం మా దగ్గరుంది" అని అబద్ధం ఆడింది. నేను రాక్షసుడిగా పెద్దగా నవ్వాను. అది నవ్వు పూర్తి కానివ్వకుండా నా మొహంలోకి చూసి "అక్కా, ఆ మాట వినగానే వాడు ఎటు చూశాడు?" అంది.

నేను దాని గురించి ఆలోచించనే లేదు. కానీ అది అడిగింది సరైన ప్రశ్న. తెర మీద విలన్ రాజనాల నవ్వుతూనే ఒక్క క్షణం కంటికొసతో ఎటో చూస్తే, నిధి అటే ఉందని హాల్లో అందరికీ తెలిసిపోయేది. దానికి ఆ చూపు గుర్తుంది. "దక్షిణం వైపు, బావి వైపు" అన్నాను. బావ చాప మీంచి ఎగిరి గంతేశాడు. మావయ్య పిట్టగోడకి ఆనుకుని చప్పట్లు కొట్టాడు, తర్వాత ద్వారపాలకుడి గొంతుతో "బావిలో దిగేవాళ్ళు చెప్పులు ఇక్కడ విడవండి" అని తానూ ఆటలోకి దిగాడు. ఆ రాత్రి ఎవరం ఎప్పుడు కిందికి వెళ్ళామో తెలీదు.

* * *

పెద్దమ్మ కొడుకు అన్నయ్య అమెరికా వెళ్ళి తొలిసారి తిరిగొచ్చినప్పుడు అందరికీ చాక్లెట్లు, నాకొక పెట్టె తెచ్చాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆట. మేం మేడ మీద చేస్తున్నదే ప్రపంచంలో ఇంకా ఎందరో చేస్తున్నారని అప్పుడు తెలిసింది. ఒకరు చెప్పడం, మిగతావాళ్ళు ఆడటం, పాచికలు తీర్పు ఇవ్వడం. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, దాచుకోలేదు.

సంచిలోంచి నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు ముఖాల పాచికలు వచ్చాయి, చివర్న ఇరవై ముఖాలది. బామ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎన్ని పలకలున్నాయో తడిమి లెక్కపెట్టింది. అది ఒకటైనా ఇరవై అయినా ఒకేలా పడే పాచిక. గవ్వల దయ దానికి లేదు, అందుకే టెన్షన్ ఎక్కువ.

ఒక నియమం దగ్గర మాత్రం పెద్ద గొడవ జరిగింది. ఆ ఆటలో మంత్రగాడు పొద్దున్నే మంత్రం చదివి పెట్టుకోవాలి, ఒకసారి వేసేస్తే బుర్రలోంచి పోతుంది, మళ్ళీ విశ్రాంతి తీసుకుని చదువుకోవాల్సిందే. చెల్లి ఒప్పుకోలేదు. మావయ్య అంతకన్నా ఒప్పుకోలేదు. "1951లో పాతాళ భైరవిలో ఎస్వీ రంగారావు గారు ఆ డింభకుణ్ణి పట్టుకుని ఊళ్ళు తిరిగారు. మంత్రం మర్చిపోయాను, పొద్దున చదువుకొస్తానని ఆయన ఎక్కడైనా అన్నారా?" అని అన్నయ్యని నిలదీశాడు. అన్నయ్య పుస్తకం చూపించాడు. మావయ్య పుస్తకం పక్కన పెట్టాడు. చివరికి మా పద్ధతి మేం రాసుకున్నాం. మంత్రం ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి పోతుంది. తెల్లారేదాకా గొంతు, ఒక వేలి స్పర్శ, అమ్మ పిలిచే ముద్దుపేరు. ఏది పోవాలో మంత్రం వేసేవాళ్ళే చెప్పాలి. మాయావతి ఆ వేసవి అయ్యేసరికి తన ఊరి పేరు కూడా పోగొట్టుకుంది. చెల్లి నిజంగా ఏడ్చింది. ఆట గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

* * *

తర్వాత ఎంసెట్ కోచింగులు వచ్చి మేడ ఖాళీ అయింది. నెట్ సెంటర్లు వచ్చాక తమ్ముడు డయాబ్లో ఆడేవాడు. 1996 నాటి కంప్యూటర్ ఆట, పాడుబడ్డ చర్చి కింద పదహారు అంతస్తులు, కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ గదులు వేరే చోట ఉంటాయి. పక్కన స్టూలు వేసుకుని చూశాను. దాని సంగీతం చాలా బావుంటుంది, ఆటలోని ఊళ్ళో వినిపించే గిటారు ఇప్పటికీ వింటాను. కానీ దాన్ని "వాడు ఎటు చూశాడు?" అని అడిగితే జవాబు రాదు. అంతకన్నా దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

టీవీలో రోజూ పాత సినిమాలు రావడంతో మార్నింగ్ షో జానపదాలు తగ్గాయి. కొన్నాళ్ళకి హాళ్ళకి బొమ్మ శాటిలైట్‌లో రావడం మొదలై ప్రింట్ల అవసరమే పోయింది. రీలు పెట్టె లేకపోతే దాని వెంట వెళ్ళే మనిషి ఎందుకు? మావయ్య ఆఫీసు మూసేశారు. అరిగిన ప్రింట్లు తూకానికి వెళ్ళాయి. ఆ లారీ ఎక్కించిన రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదని అత్తయ్య చెప్పింది. ఆ తర్వాత ఆయన ఒక మెడికల్ షాపులో లెక్కలు రాశాడు, చక్కటి చేతిరాత. సత్యనారాయణపురంలో రైలు పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశాక, సాయంత్రాలు ఆ రోడ్డు మీద నడుస్తూ వీధి పిల్లలకి కథలు చెప్పేవాడట. ఎడమకా కుడికా అని వాళ్ళనే అడిగేవాడట.

ఆయన పోయిన కొద్ది రోజులకి బావ ఫోన్ చేసి, "ఏమే, ఆ ఆరో ద్వారం ఇంకా తెరవలేదు మనం" అన్నాడు. నిజమే, ఆరోది, ఏడోది అలాగే ఉండిపోయాయి. అప్పట్నుంచి ఆదివారాలు వీడియో కాల్‌లో ఆడుతున్నాం. బావ హైదరాబాదు, చెల్లి మెల్‌బోర్న్, తమ్ముడు ఇక్కడే బెంజ్ సర్కిల్ దగ్గర, అన్నయ్య డల్లాస్. అందరికీ కుదిరే వేళ దొరకడం ఏడు సముద్రాలు దాటడం కన్నా కష్టం. మా అమ్మాయి కొత్తగా చేరింది, విలుకత్తె. పటాలు మాత్రం పాతవే, డి.సి.ఆర్. కాగితాలు స్కాన్ చేసి పంపాను. కాగితం పల్చన, వెనకవైపు మావయ్య రాసిన బెంచీ, కుర్చీ టికెట్ల లెక్కలు మా సొరంగాల మీద అద్దకంలా కనిపిస్తాయి. మా అమ్మాయి వాటిని రహస్య సంకేతాలనుకుంది. ఆ అంకెల్ని అలాగే ఆటలో పెట్టేశాను, అవి ఇప్పుడు ఆరో ద్వారం తాళం.

ఈ నెలంతా అన్నయ్యకి ఆదివారాలు డ్యూటీ. ఆటకి రాలేనన్నాడు. ఆట ఆపడం నాకిష్టం లేదు కాబట్టి మాంత్రికుడి చేత ఆయన వీరుణ్ణి మేకని చేయించాను. చెల్లి పడీ పడీ నవ్వింది, "మావయ్య ఉంటే ఇదే చేసేవాడు" అంది. మేకని గుహ బయటే కట్టేసి పోదామని బావ, కాదు వెంట తీసుకెళ్ళాల్సిందేనని మా అమ్మాయి. ఆమె మాటే నెగ్గింది. బావికి అడ్డంగా తాటి దుంగ వంతెన ఉంది, మేక దాటుతుందా అని తమ్ముడు అడిగాడు. పాచిక వెయ్యమన్నాను. ఇరవై ముఖాల దాని మీద పదిహేడు పడింది. మేక దాటింది. ప్రచండుడు ఇంకా ఇవతలే ఉన్నాడు, వచ్చే ఆదివారం బావ వంతు.